ఆడనివారే అర్హులు

గుడిమెట్ల ప్రవల్లికకు ఉద్యోగం వచ్చింది, ఆ పని ఆమెకు బొత్తిగా తెలియదని అందరూ నమ్మినందుకు. ఆ ఉద్యోగం పోయింది, తెలుసునని బయటపడినందుకు. రెంటికీ మధ్య ఏడు నెలలు గడిచాయి.

ప్రవల్లికది తెనాలి. తండ్రి చలమయ్య ఆర్టీసీలో కండక్టరు. ఆరో తరగతిలో ఉండగా అమ్మాయికి కామెర్లు వచ్చి మంచాన పడితే, పొద్దు పోతుందని ఆయన తన ఫోను చేతికిచ్చాడు. కామెర్లు నెలకి తగ్గాయి. ఫోను మాత్రం తిరిగి రాలేదు. డిగ్రీ అయ్యేసరికి ఆ పిల్ల ఆడని వీడియో గేము లేదు. అంతవరకైతే వీధిలో పిల్లలందరిదీ అదే కథ. ప్రవల్లికకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఆడినదాని గురించి రాయకుండా ఉండలేదు. ఏ గేములో కథ ఎక్కడ నీరసించింది, నది దాటే చోట వాన చప్పుడు ఎందుకంత దిగులు పుట్టిస్తుంది, అంత పెద్ద రాక్షసుణ్ణి అంత తేలిగ్గా చచ్చేట్టు ఎందుకు పెట్టారు, ఇవన్నీ తెలుగులో రాసి ఇంటర్నెట్లో పెట్టేది. చదివేవాళ్లు నాలుగు వందల చిల్లర. వాళ్లలో సగం మంది "ఇదంతా ఇంగ్లీషులో రాయొచ్చు కదా" అని సలహా ఇవ్వడానికి వచ్చేవాళ్లు.

"గేముల మీద రాసే విలేకరినవుతా నాన్నా" అని ఒకరోజు చెప్పింది.

"విలేకర్లంటే యాక్సిడెంట్లూ, మీటింగులూ రాస్తారు గదమ్మా. గేముల్లో ఏం జరుగుద్ది రాయటానికి?"

"చాలా జరుగుద్ది నాన్నా."

"అయితే రాయి" అన్నాడు. టిక్కెట్టు కొట్టి, ఎక్కడ దిగాలనేది ఎక్కినవాళ్లకే వదిలేసే మనిషి ఆయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వానికి వీడియో గేముల మీద ప్రేమ పుట్టింది. ఒక మంత్రిగారు ఏదో సదస్సుకు వెళ్లి, ప్రపంచంలో సినిమాల కన్నా గేముల వ్యాపారమే పెద్దదని విని, విమానం దిగుతూనే మన రాష్ట్రం ఈ రంగంలో ముందుండాలని ప్రకటించారు. గేములు తయారు చేయాలంటే ఏళ్లు పడుతుందనీ, వాటి మీద రాసేవాళ్లను తయారు చేయడానికి ఒక్క జీవో చాలుననీ సలహాదారులు చెప్పారు. అలా విజయవాడలో, మత్స్యశాఖ ఖాళీ చేసిన భవనం పై అంతస్తులో, రాష్ట్ర వీడియో క్రీడా పాత్రికేయ అకాడమీ వెలిసింది. దాని పత్రిక పేరు 'క్రీడావాణి'. ప్రతి పాఠశాలకూ, గ్రంథాలయానికీ రెండేసి ప్రతులు వెళ్లాలి.

డైరెక్టరుగా వచ్చిన చిర్రావూరి దక్షిణామూర్తిగారు అంతకుముందు చేనేతలోనూ, దానికి ముందు పశుసంవర్ధకంలోనూ పనిచేశారు. ఎక్కడా ఆయన మీద మచ్చ పడలేదు. మచ్చ పడేంత దగ్గరగా ఆయన ఏ పనికీ వెళ్లలేదు. అకాడమీకి నిబంధనలు కావలసి వచ్చినప్పుడు నాటక పోటీల నిబంధనావళి తెప్పించి, 'నాటకము' అన్నచోట 'క్రీడ' అని దిద్దించారు. అందులో ఏడవ నిబంధన ఇలా తేలింది: 'సమీక్షకుడు తాను సమీక్షించు క్రీడతో పూర్వ సంబంధమేదియు కలిగియుండరాదు.'

సంబంధమంటే ఏమిటని ఎవరో గుమాస్తా అడిగాడు. దక్షిణామూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని విశదీకరించారు.

"క్రీడను ఆడినవాడు గెలిచియుండును, లేదా ఓడియుండును. గెలిచినవానికి ఆ క్రీడపై అభిమానం, ఓడినవానికి కక్ష. రెండునూ నిష్పాక్షికతకు గొడ్డలిపెట్టు. కావున ఆడినవాడు అనర్హుడు."

"ఒక గేము ఆడినవాడు ఇంకో గేము మీద రాయచ్చా సార్?"

"ఒకటి రుచి మరిగినవాడు రెండవదానికి దూరముగా ఉండునని హామీ ఏమి? జన్మలో ఏ క్రీడయు ఆడనివారే అర్హులు."

ప్రకటన పేపర్లో చూసి ప్రవల్లిక రెండుసార్లు చదివింది. మూడోసారి తండ్రికి వినిపించింది. జన్మలో వీడియో గేము ముట్టలేదని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం జత చేయాలి.

"అబద్ధం గదా నాన్నా."

"అబద్ధమే. మా డిపోలో డ్రైవరుగా తీసుకునేటప్పుడు బస్సు తోలటం రాకూడదని పెడితే మా సాంబయ్య కూడా ఇట్టాగే ఇబ్బంది పడేవాడు" అన్నాడు చలమయ్య. మర్నాడు తానే నోటరీ దగ్గరకు తీసుకెళ్లాడు.

ఇంటర్వ్యూకి రెండు వందల మంది వచ్చారు. వరండాలో ఒక డాక్టరు కూర్చుని భూతద్దంతో అందరి బొటనవేళ్లూ చూస్తున్నాడు. కాయ కాచిన వేళ్లవాళ్లను పక్కకు నిలబెట్టాడు. వాళ్లలో ఒకతను వడ్రంగి పని చేస్తానని మొత్తుకున్నా వినలేదు. ప్రవల్లిక వేళ్లకు ముందురోజే గోరింటాకు ఒత్తుగా పెట్టుకుని వెళ్లింది. డాక్టరు ఎర్రగా పండిన బొటనవేళ్లు చూసి, ఏం పెళ్లమ్మా అని అడిగి, పంపేశాడు.

లోపల అసలు పరీక్ష. బల్ల మీద ఒక ఫోను, అందులో ఒక మనిషి పరుగెడుతుంటాడు, పైనుంచి బండరాయి దొర్లుకుంటూ వస్తుంది. అభ్యర్థి చూస్తూ ఊరుకోవాలి. ప్రవల్లిక ముందు కూర్చున్న కుర్రవాడు చివరి క్షణంలో తెలియకుండానే భుజం పక్కకు వంచాడు. "అనర్హుడు" అన్నారు డైరెక్టరుగారు.

ప్రవల్లిక వంతు వచ్చింది. ఫోను తలకిందులుగా పట్టుకుంది. బండరాయి ఆ మనిషి మీద పడేదాకా రెప్ప వేయకుండా చూసి, "ఇది చార్జింగు అయిపోయిందాండీ?" అని అడిగింది. ఎడమకు ఒక్క గెంతు గెంతిస్తే బతికేవాడు.

బోర్డు సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత స్వచ్ఛమైన అజ్ఞానాన్ని ఆ పూటంతా వాళ్లు చూడలేదు. ప్రవల్లికకు మొదటి ర్యాంకు వచ్చింది.

*

'క్రీడావాణి'లో ప్రవల్లిక బల్ల పక్క బల్ల పులిపాక వాసుదేవశర్మగారిది. పెద్దాయన. ఒక పత్రికలో ముప్పై ఏళ్లు పుస్తక సమీక్షలు రాసి రిటైరై ఇక్కడ చేరారు.

"ఆడకుండా ఎట్లా రాయాలి మాస్టారూ?" అని మొదటిరోజు అడిగింది ప్రవల్లిక.

"అలవాటైపోతుందమ్మా. పుస్తకాలూ అంతేగా" అన్నారాయన ఆప్యాయంగా. "ముందు అట్ట వర్ణించు. తర్వాత పేరులోని ఔచిత్యం. ఆపైన కంపెనీవాళ్లు పంపిన కాగితంలోంచి రెండు పేరాలు. చివర్లో 'అక్కడక్కడ అచ్చుతప్పులు దొర్లినా' అని నేను రాసేవాణ్ణి, నువ్వు 'బరువు కాస్త తగ్గిస్తే బాగుండేది' అని రాయి. ఈ గేములకి జీబీలని బరువు ఉంటుందటగా?"

ప్రవల్లిక రాసింది. 'నాలుగు జీబీల బరువుతో సర్వాంగసుందరముగా వెలువడిన ఈ క్రీడ ఆబాలగోపాలమును అలరించగలదు' అని ఏడు నెలల్లో ముప్పై తొమ్మిది గేముల మీద రాసింది. పొద్దున తెనాలి నుంచి రైల్లో వచ్చేటప్పుడు అవే గేములు ఆడేది. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు మనసులో అసలు సమీక్ష తయారుగా ఉండేది. బల్ల దగ్గర కూర్చుని ఇంకొకటి రాసేది. మొదట్లో ఇది దొంగతనంలా అనిపించి సరదాగా ఉండేది. పోనుపోను, వండిన కూర పారబోసి అతిథికి ఖాళీ విస్తరి వడ్డిస్తున్నట్టు అనిపించసాగింది. అయినా గేముల మీద రాసే ఉద్యోగం ఆంధ్రదేశంలో ఇంకెక్కడా లేదు. ఓర్చుకుంది.

అలాంటి సమయంలో ప్రభుత్వమే సొంతంగా ఒక గేము తయారు చేయించింది. పేరు 'మన కోట – మన బాట'. ఇందులో ఆటగాడు ఒక రాజభటుడు. మొదటి దశలో నది దాటాలి, రెండో దశలో అడవి దాటాలి, మూడో దశలో కోటద్వారం తెరిచి లోపలికి వెళితే రాజుగారు ప్రశంసాపత్రం ఇస్తారు. ఆ ప్రశంసాపత్రాన్ని కాలేజీలో చూపిస్తే డిగ్రీ విద్యార్థులకు 'వారసత్వ స్పృహ' కింద ఐదు మార్కులు. చూపించనివాళ్లు ఆ సబ్జెక్టులో తప్పినట్టే.

ప్రవల్లిక రెండు రోజుల్లో నది, అడవి దాటి ద్వారం ముందు నిలబడింది. ద్వారం తెరుచుకోలేదు. నెట్టింది, కొట్టింది, తాళంచెవి కోసం అడవంతా మళ్లీ వెతికింది. తొమ్మిది రోజులయింది. పదకొండేళ్లుగా ఎన్నో తలుపులు తెరిచిన అనుభవంతో ఆమె తేల్చుకున్నది ఏమిటంటే, ఆ తలుపుకు తాళంచెవి పెట్టడం తయారు చేసినవాళ్లు మరిచిపోయారు. అసలు అది తలుపే కాదు, తలుపు బొమ్మ వేసిన గోడ.

అకాడమీలో మిగతా ఎనిమిదిమంది సమీక్షకులూ దానికి ఐదు నక్షత్రాలిచ్చారు. ప్రవల్లిక తన సమీక్ష ఆలస్యం చేస్తూ వచ్చింది.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్లే రైల్లో, ఎదురు సీట్లో ఒక అమ్మాయి ఫోను ఒళ్లో పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. స్క్రీను మీద అదే ద్వారం. పేరు షాహినా, దుగ్గిరాలలో దిగుతుంది, డిగ్రీ రెండో సంవత్సరం.

"పన్నెండు రోజులైంది అక్కా. మా క్లాసులో ఎవరికీ రాలా. వచ్చినోళ్లు చెప్పట్లేదేమో. 'క్రీడావాణి'లో అంతమంది ఐదు నక్షత్రాలు ఇచ్చారంటే అందరూ దాటారనే గదా? నేనే మొద్దుని. మా నాన్న అసలే చదువు మాన్పిద్దామని చూస్తున్నాడు, ఇందులో తప్పానంటే ఇంక అంతే."

"నీ తప్పు కాదు" అంది ప్రవల్లిక. "అది తెరుచుకోదు. ఎవరికీ తెరుచుకోదు."

"మీకెట్టా తెలుసు?"

ఏడు నెలల్లో ఆ ప్రశ్న ఆమెను ఒకరు అడగడం అదే మొదలు. "నేను సమీక్షలు రాస్తా" అంది. ఆ మాట అంటుంటే సిగ్గేసింది. షాహినా కళ్లు తుడుచుకుని, సమీక్షలు రాసేవాళ్లను అంత దగ్గరగా ఎప్పుడూ చూడనట్టు చూసింది.

ఇంటికి చేరి ప్రవల్లిక సమీక్ష రాసింది. అట్ట వర్ణన, పేరులో ఔచిత్యం, బరువు అన్నీ పద్ధతిగా పెట్టింది. చివర ఒక్క వాక్యం కలిపింది: 'మూడవ దశలో కోటద్వారం తెరుచుకోదు.'

శర్మగారు ప్రూఫు చూస్తూ ఆ వాక్యం దగ్గర ఆగారు. కళ్లజోడు మీదుగా ప్రవల్లికను చూశారు. తర్వాత 'తెరుచుకోదు' చివరి చుక్కను స్పష్టంగా దిద్ది, అచ్చుకు పంపించారు.

*

పత్రిక వచ్చిన రోజు పదకొండింటికి డైరెక్టరుగారి నుంచి పిలుపు వచ్చింది.

"ద్వారము తెరుచుకొనదని నీకెట్లు తెలియవచ్చినది?"

"రైల్లో ఒక అమ్మాయి చెప్పింది సార్."

"ఆమె ఆడినదా?"

"ఆడింది సార్."

"అట్లయిన ఆమె మాట చెల్లదు. ఓడినది గనుక కక్షతో చెప్పును."

"పోనీ గెలిచినవాళ్లను అడగండి సార్."

"వారు అభిమానముతో చెప్పుదురు. అదియును చెల్లదు" అన్నారు దక్షిణామూర్తిగారు. విచారణకు ఆదేశించారు.

విచారణాధికారిగా వచ్చినాయన ఉప్పులూరి సర్వేశ్వరరావుగారు, రిటైరైన ఆర్డీవో. రెవెన్యూలో ముప్పై ఐదేళ్లు చేసి, లేని చెరువులకు గండ్లు పూడ్పించిన అనుభవశాలి. ముందుగా గేము తయారు చేసిన కంపెనీవాళ్లను పిలిపించారు. తలుపు తెరుచుకుంటుందా అని అడిగారు.

"తెరుచుకోవాలండీ" అన్నాడు కంపెనీ మేనేజరు.

"తెరిచి చూశారా?"

"మేం తయారు చేశామండీ. ఆడలేదు. ఆడాలని టెండర్లో లేదు."

సర్వేశ్వరరావుగారు ఆ ముక్క రాసుకున్నారు. తానే ఫోనులో ఆడి చూద్దామనుకుని, ముందు జాగ్రత్తగా అకాడమీకి లేఖ రాశారు. జవాబు వచ్చింది: 'విచారణాధికారి ఆడినచో ఏడవ నిబంధన మేరకు పక్షపాతిగా పరిగణింపబడును. ఆడకుండ విచారించవలెను.' సరే, స్థల పరిశీలన చేస్తానన్నారు. అడవి దాకా దాటిన ఒక ఫోనును విద్యార్థుల నుంచి తెప్పించి, బల్ల మీద నిలబెట్టి, ఇద్దరు సాక్షుల సమక్షంలో పదిన్నర నుంచి ఐదింటిదాకా ద్వారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరూ ఫోను ముట్టుకోలేదు. ద్వారం తెరుచుకోలేదు. పంచనామాలో అంతా వివరంగా రాయించారు. డైరెక్టరుగారు అది చదివి, పక్కన వ్యాఖ్య రాశారు: 'ముట్టుకొననందున తెరుచుకొనలేదు. ముట్టుకొనినను తెరుచుకొనదనుటకు ఆధారమేదీ?'

ఈలోగా అరవై ఒక్క కాలేజీల నుంచి అర్జీలు వచ్చాయి. అర్జీదారులందరూ ఆడినవాళ్లే కాబట్టి అన్నిటినీ ఒక బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళానికి చెవి ఉంది.

నాలుగో రోజు భోజనాల వేళ సర్వేశ్వరరావుగారు ప్రవల్లికను తన గదిలోకి పిలిచారు. టిఫిన్ క్యారియరు విప్పుతూ కూర్చోమన్నారు.

"చూడమ్మాయ్, రేపు నేను నివేదిక ఇవ్వాలి. నాకు రెండే దారులున్నయ్యి. తలుపు బాగుంది, పిల్లలకే తెలివి లేదని రాయటం ఒకటి. అప్పుడు అందరూ తప్పినట్టే. రెండోది, తలుపు బాగాలేదని రాయటం. అలా రాయాలంటే ఆ తలుపు తోసి చూసిన మనిషి మాట కావాలి."

"ఆడినవాళ్ల మాట చెల్లదన్నారు గదండీ."

"సమీక్ష చెల్లదు. సాక్ష్యం చెల్లదు. అర్జీ అంతకన్నా చెల్లదు" అని ఆయన పప్పులో నెయ్యి వేసుకున్నారు. "నేరం ఒప్పుకుంటే మాత్రం చెల్లుద్దమ్మా. ఎవరన్నా అకాడమీ మనిషి, నేను నిబంధన మీరి ఆడాను, తలుపు తోశాను, రాలేదు అని ఒప్పుకుంటే, ఆ మూడూ ఒకే వాక్యంలో ఉంటయ్యి. మొదటిది నమ్మి మూడోది నమ్మకపోవటానికి కుదరదు."

ప్రవల్లిక కిటికీలోంచి బయటకు చూసింది. కింద రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఒకటి ఆగి, జనాన్ని ఎక్కించుకుంటోంది. ఒప్పుకుంటే ఈ ఉద్యోగం ఉండదు. ప్రమాణపత్రం కేసు కూడా కావచ్చు. గేముల మీద ఇంకెవరూ రాయనివ్వరు.

"మీరు నన్నే ఎందుకు పిలిచారండీ?"

"నిన్న ఆ ఫోను ముందు నేను కూర్చున్నప్పుడు నువ్వు టీ తెచ్చిచ్చావు. తలుపు వంక చూశావు. ఊరికే చూసేవాళ్లు అట్టా చూడరు. సర్వే చేసేటప్పుడు పొలం పోగొట్టుకున్న రైతులు చూస్తారు అట్టాగ."

ప్రవల్లిక కాగితం అడిగి తీసుకుంది. 'నేను పదకొండేళ్లుగా వీడియో గేములు ఆడుతున్నాను' అని మొదలుపెట్టింది. ఒక పేజీ అనుకున్నది నాలుగు పేజీలయింది. నది ఎలా ఉంది, అడవిలో వెలుతురు ఎంత బాగా కుదిరింది, ఏ చెట్టు దగ్గర దారి తప్పుతుంది, తలుపును ఎన్ని విధాల ప్రయత్నించింది, అది తలుపు కాదని ఎందుకు అనుకుంటోంది, అన్నీ రాసింది. ఏడు నెలల్లో ఆఫీసు కాగితం మీద ఆమె రాసిన మొదటి సమీక్ష అది. సర్వేశ్వరరావుగారు చదివి, "బాగుందమ్మా" అని, కింద సంతకం పెట్టించుకున్నారు.

వారంలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: 'మన కోట – మన బాట యందలి కోటద్వారము తెరుచుకొనినట్లుగా పరిగణింపవలెను. దాని యెదుట నిలిచిన విద్యార్థులందరు లోనికి ప్రవేశించినట్లే.' నీట మునిగిన పొలాలను పొలాలుగానే పరిగణించే రెవెన్యూ పద్ధతిని సర్వేశ్వరరావుగారు సూచించారట. అందరికీ ఐదు మార్కులు పడ్డాయి. రెండో ఉత్తర్వు ప్రవల్లికను ఉద్యోగం నుంచి తొలగించింది. కేసు పెట్టలేదు. పెడితే ఆమెకు మొదటి ర్యాంకు ఇచ్చినవాళ్లెవరో కూడా రాయాల్సి వచ్చేది.

*

ఆమె ఇంట్లో కూర్చున్న మూడో వారం శర్మగారు ఫోను చేశారు.

"నిన్ను రమ్మంటున్నారమ్మా. తిట్టడానికి కాదులే."

సంగతేమిటంటే, పదకొండేళ్లు ఆడిన మనిషి డాక్టరునూ బోర్డునూ దాటి మొదటి ర్యాంకు ఎలా తెచ్చుకుందని పైనుంచి ప్రశ్న వచ్చింది. ఉన్న ఎనిమిదిమందిలో ఇంకెందరు ఆడినవాళ్లున్నారో అని అనుమానం పుట్టింది. కొత్తగా ఇరవైమందిని తీసుకోవాలి. పరీక్షించేవాళ్లకు ఆట తెలియదు, తెలిస్తే వాళ్లు పరీక్షించరాదు. ఈ చిక్కుముడి విప్పలేక దక్షిణామూర్తిగారు నాలుగు రోజులు మజ్జిగ మీద ఉన్నారు. అప్పుడు శర్మగారు, పాము కాళ్లు పాముకే తెలుస్తాయండీ అని ఒక మాట అన్నారు.

"నీవు కళంకితవు. అందుచేతనే పనికివత్తువు" అన్నారు డైరెక్టరుగారు. "అభ్యర్థులలో ఎవరు ఆడినవారో, ఎవరు ఆడనివారో కనిపెట్టి ధ్రువీకరించవలెను. హోదా, క్రీడాకళంక నిర్ధారణ నిపుణురాలు. ఒక షరతు. ఇకమీదట నీవు ఒక్క వాక్యమైనను సమీక్ష వ్రాయరాదు. ఇక్కడ కాదు, ఎక్కడను."

ఆలోచించుకుంటానని చెప్పి ఇంటికి వచ్చింది. అన్నం ముందు కూర్చుని ముట్టుకోలేదు.

"నాలాంటోళ్లని ఏరి బయటికి గెంటే పని నాన్నా. పైగా నేను రాయకూడదంట."

చలమయ్య చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కంచం కూతురి వైపు జరిపాడు. తర్వాత, "బస్సు డ్రైవరే తోలతాడు, నిజమే" అన్నాడు. "గంట కొట్టేది మాత్రం కండక్టరే గదమ్మా. ఎవరు ఎక్కిందాకా ఆపాలో వాడి చేతిలోనే ఉంటది."

ప్రవల్లిక తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత అన్నం కలుపుకుంది.

ఎంపికకు మూడు వందల మంది వచ్చారు. ప్రవల్లిక ఎవరి బొటనవేళ్లూ చూడలేదు. బండరాయి పడేయలేదు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మామూలు కబుర్లలా, ఏదో ఒక పేరున్న గేము గురించి ఒక తప్పు మాట అనేది.

"ఆ మంచుకొండ రాక్షసుణ్ణి కత్తితోనే కొట్టాలంట కదా?" అంటే, చాలామంది "ఏమోనండీ, మాకవన్నీ తెలియవు" అనేవారు. వాళ్లు నిజంగానే ఎరగరు. కొందరి ముఖంలో మాత్రం ఒక బాధ కదిలేది. పెదవి బిగపట్టుకునేవారు. మార్కాపురం నుంచి వచ్చిన తలారి సుహాసిని అనే అమ్మాయి అరనిమిషం ఓర్చుకుని, చెమటలు పట్టి, "కత్తి కాదండీ, కాగడా. కత్తితో కొడితే ఇద్దరవుతాడు" అనేసి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిపోయిందనుకుని లేచి నిలబడింది.

"కూర్చో" అంది ప్రవల్లిక. "ఆ గేములో నీకేది బాగా నచ్చింది?"

సుహాసిని బెరుగ్గా మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆగలేదు. ప్రవల్లిక వింటూ, ఫారంలో నెమ్మదిగా రాసింది: 'జన్మలో ఆడలేదు. కళంకరహితం.'

ఏమోనండీ అన్నవాళ్ల ఫారాల్లో 'ఆడిన ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి' అని రాసింది. వాళ్లలో మంత్రిగారి సిఫారసుతో వచ్చిన ఇద్దరు అన్యాయమని కేకలు వేశారు. ఒకతను తనకు బటన్ల ఫోనే ఉందని తీసి చూపించాడు. దక్షిణామూర్తిగారు చలించలేదు. "నిపుణురాలి నివేదికకు తిరుగులేదు. వేషాలు మాకు కొత్త కాదు" అన్నారు. ఆ మనిషి నిజంగా ఏ పాపం ఎరగడు. మెట్లు దిగుతూ పోతున్న అతణ్ణి చూసి ప్రవల్లికకు ఆ పూట మనసు మనసులో లేదు. కానీ ఫారం మార్చలేదు.

ఇరవైమంది చేరారు. తలుపు వేసి ఉన్నప్పుడు వాళ్ల గదిలోంచి గుసగుసలు, అప్పుడప్పుడు నొక్కిపట్టిన నవ్వులు వినిపించేవి. ఆరు నెలల్లో 'క్రీడావాణి' కోసం జనం గ్రంథాలయాల్లో వరస కట్టడం మొదలుపెట్టారు. ఏ గేము ఎక్కడ మోసం చేస్తుందో, ఏది పిల్లలకు మంచిదో, పాలకొల్లులో ఇద్దరు స్నేహితులు ఇంట్లో కూర్చుని చేసిన చిన్న గేము ఎందుకు గొప్పదో, అందులో తెలిసేది. లోపాలు చూపిస్తే కంపెనీలు దిద్దుకునేవి. పక్క రాష్ట్రాల అధికారులు బృందాలుగా వచ్చి, ఏడవ నిబంధనను నకలు రాసుకుని వెళ్లారు. అకాడమీకి జాతీయ పురస్కారం వచ్చింది. దక్షిణామూర్తిగారు వేదిక మీద శాలువాతో, ముట్టుకోకుండా తెలుసుకోవడమే నిజమైన పాత్రికేయమని ప్రసంగించారు. వెనక వరసలో ప్రవల్లిక అందరితో పాటు చప్పట్లు కొట్టింది. షరతు ప్రకారం ఆమె ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఇంటర్నెట్లో ఆమె పాత పేజీ కూడా మూతపడింది.

ఒక మధ్యాహ్నం డైరెక్టరుగారు ఆమెను పిలిచి తాజా సంచిక ముందుకు తోశారు. పాలకొల్లు స్నేహితుల రెండో గేము మీద సుహాసిని రాసిన సమీక్ష. పడవ మునిగిపోయే చోట ఆటగాడి చేతులకు పనేమీ ఇవ్వకుండా ఊరికే చూస్తూ ఉండమనడం గురించి ఒక పేరా ఉంది. ప్రవల్లిక ఆ పేరా రెండుసార్లు చదివింది. ఆ చోట తనకూ అలాగే అనిపించింది. ఎందుకనేది మాత్రం తాను ఇంత బాగా చెప్పగలిగేది కాదు.

"చూచితివా" అన్నారు దక్షిణామూర్తిగారు, కుర్చీలో వెనక్కు వాలి. "ఎంత లోతు! ఎంత సూక్ష్మపరిశీలన! వేలితోనైనను ముట్టక వ్రాసినది ఆ అమ్మాయి. నీవు చెప్పుము, అనుభవమున్నదానవు. ఆడినవారు ఇట్లు వ్రాయగలరా?"

ప్రవల్లిక పత్రిక మడిచి, రెండు చేతులతో ఆయన బల్ల మీద పెట్టింది.

"రాయలేరు సార్" అంది.